కస్టమ్ బైక్ వైరింగ్ తగ్గించుకోవడం ఎలా: బ్యాటరీ నుంచి టెయిల్ ల్యాంప్ దాకా

బండిని బాబర్ గానీ కెఫే రేసర్ గానీ (విప్పి తేలిక చేసిన కస్టమ్ రూపాలు) కట్టించేటప్పుడు ట్యాంక్ షేపు మీద, సీటు కుట్టు మీద పెట్టే శ్రద్ధ వైరింగ్ మీద పెట్టరు. హెడ్‌లైట్ డూమ్ పోతుంది, మీటర్లు పోతాయి, సైడ్ ప్యానెళ్లు పోతాయి. వాటి చాటున ఉన్న వైర్ల ముద్ద మాత్రం అలాగే మిగులుతుంది. దాన్ని సీటు కిందకి తోసి, నల్ల టేపు చుట్టి బండి బయటకి తీస్తారు. ఎండాకాలంలో ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. జూన్‌లో వానలు మొదలవగానే బండి ఆగిపోతుంది. వైరింగ్ తగ్గించడమంటే దాచడం కాదు, అవసరం లేని సర్క్యూట్లనూ జాయింట్లనూ పూర్తిగా తీసేయడం. ఫ్యూజుల్ని, ఎర్త్ వైర్లను మాత్రం తగ్గించకూడదు. కంపెనీ బండిలో ఉన్నవాటికంటే ఇక్కడ అవి ఎక్కువే కావాలి.

ఏ బండికి పనికొస్తుంది

ఇది కార్బురేటర్ ఉన్న 12 వోల్టుల బండ్లకు మాత్రమే. పాత బుల్లెట్లు, యూసీఈ ఇంజన్ క్లాసిక్ 350, ఆర్‌ఎక్స్ 100, పాత స్ప్లెండర్ లాంటివి. ఫ్యూయల్ ఇంజెక్షన్, ఏబీఎస్ ఉన్న బండి కిట్‌ని (వైర్ల గుత్తి మొత్తాన్ని) కోయకండి. అందులో సెన్సార్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఒక్క ఎర్త్ తప్పినా ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దాన్ని స్టార్ట్ కానివ్వదు.

చట్టం సంగతీ చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కాబట్టి హెడ్‌లైట్, టెయిల్ ల్యాంప్, బ్రేక్ లైట్, నాలుగు ఇండికేటర్లు, హారన్, నంబర్ ప్లేట్ లైట్ ఉండి తీరాలి. ఈ మార్గదర్శి వాటన్నిటినీ ఉంచే రాశాం. రాత్రి విజయవాడలో కృష్ణ మీది వారధి మీద లారీల మధ్య వెళ్లేటప్పుడు బ్రేక్ లైట్ లేని బండి ఎంత అందంగా ఉన్నా వెనకవాడికి కనపడదు.

ముందు ఇగ్నిషన్ ఏ రకమో తేల్చండి

కట్టర్ పట్టుకునే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఇక్కడ పొరపడితే సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోతుంది.

ఏసీ సీడీఐ అయితే దానికి కరెంట్ నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరిగితే కరెంట్ పుట్టించేది) నుంచే వస్తుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండి బ్యాటరీ లేకపోయినా కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది అందుకే. ఈ రకంలో తాళం ఆఫ్ చేస్తే స్విచ్ ఒక వైరుని ఎర్త్‌కి కలుపుతుంది, దాంతో స్పార్క్ ఆగుతుంది. ఆన్ చేస్తే ఆ వైరు వదులవుతుంది. డీసీ సీడీఐ, టీసీఐ (మరో రకం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్), బ్యాటరీ మీద నడిచే పాయింట్ల బండ్లలో తీరు దీనికి తలకిందులు. తాళం ఆన్ చేస్తే 12 వోల్టులు వెళ్తాయి, ఆఫ్ చేస్తే తెగుతాయి.

తేల్చుకోవడం సులువే. సీడీఐ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) ఊడదీసి, తాళం ఆన్ చేసి, కప్లర్‌లో ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఎక్కడైనా 12 వోల్టులు చూపిస్తే డీసీ రకం. ఎక్కడా చూపించకుండా, తాళం ఆఫ్ చేసినప్పుడు మాత్రం ఒక వైరు ఎర్త్‌తో కంటిన్యూటీ (దారి తెగకుండా కలిసి ఉందని) చూపిస్తే ఏసీ రకం. ఆ వైరు మీద ఎరుపు స్టిక్కర్ అంటించండి. కొత్త వైరింగ్‌లో దానికి 12 వోల్టులు తగిలితే సీడీఐ అక్కడికక్కడే పోతుంది. కిల్ స్విచ్ విషయంలోనూ ఇదే తేడా: ఏసీ రకానికి ఎర్త్ చేసే స్విచ్ కావాలి, డీసీ రకానికి కరెంట్ తెంపే స్విచ్ కావాలి.

పాత కిట్ విప్పడం

కట్టర్‌తో మొదలుపెట్టకండి. బ్యాటరీ నెగటివ్ తీసి, ప్రతి కప్లర్‌నీ రెండు వైపుల నుంచి ఫోటో తీయండి. తెల్ల టేపు మీద పెన్నుతో ‘వెనక బ్రేక్’, ‘పల్సర్ కాయిల్’ అని రాసి అంటించండి. ఆ తర్వాత కిట్ మొత్తాన్ని ఒకే ముక్కగా బయటకి లాగి నేల మీద బండి ఆకారంలో పరవండి. పొడవులు కొలుచుకోవడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ డయాగ్రం పక్కనే ఉంచుకోండి.

ఇప్పుడు తీసేసేవి గుర్తించండి: ఫ్యూయల్ గేజ్, మీటర్ లైట్లు, పాస్ స్విచ్, పార్కింగ్ లైట్, హజార్డ్. సైడ్ స్టాండ్ స్విచ్ తీసేటప్పుడు ఊరికే వైరు కోసేస్తే సెల్ఫ్ పడకపోవచ్చు, ఇంజన్ కూడా రాకపోవచ్చు. స్టాండ్ పైకి ఎత్తి ఆ స్విచ్ రెండు వైర్ల మధ్య కంటిన్యూటీ చూడండి. ఉంటే కొత్త వైరింగ్‌లో ఆ రెండూ కలపాలి, లేకపోతే వదిలేయాలి. క్లచ్ స్విచ్ మాత్రం తీయొద్దు. సెల్ఫ్ బటన్ ఎర్త్‌ని క్లచ్ స్విచ్ గుండా పంపితే రెండే వైర్లతో పని అయిపోతుంది, గేరులో ఉన్న బండి ముందుకి దూకదు.

పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పేది) వైర్లను కోసి అతకడం మానండి. వాటిలో పారేది చిన్న సిగ్నల్. కంపెనీ కప్లర్‌తో సహా అలాగే ఉంచి, రెండు వైర్లనూ ఒకదానికొకటి మెలితిప్పి, హెచ్‌టీ కాయిల్ (ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజ్ ఇచ్చేది) వైరుకి దూరంగా తీసుకెళ్లండి.

కరెంట్ లెక్క, వైరు మందం

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 60/55 వాట్ల హాలోజన్ బల్బు సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. టెయిల్ 5 వాట్లు అంటే అర ఆంపియర్ లోపే, బ్రేక్ 21 వాట్లు అంటే 1.75. ఒక పక్క రెండు 10 వాట్ల ఇండికేటర్లకి 1.7. హారన్‌కి 2 నుంచి 4, ఇగ్నిషన్‌కి 1 నుంచి 3. అన్నీ ఒకేసారి వేసినా మొత్తం 15 దాటడం అరుదు. ఎల్ఈడీ హెడ్‌లైట్ 20 వాట్లదైతే అదొక్కటే 3 ఆంపియర్లు తగ్గిస్తుంది.

వైరు సన్నదైతే కాలిపోవడం ఒక్కటే సమస్య కాదు, అంతకంటే ముందే వెలుతురు చచ్చిపోతుంది. బ్యాటరీ నుంచి హెడ్‌లైట్ దాకా మీటరున్నర, తిరిగి ఎర్త్ మీటరున్నర. ఆ మూడు మీటర్లూ 0.75 చదరపు మి.మీ. వైరైతే 5 ఆంపియర్ల దగ్గర సుమారు 0.35 వోల్టు పోతుంది, 1.5 వైరైతే అందులో సగమే. పాత స్విచ్, తుప్పు పట్టిన కప్లర్ కలిస్తే ఒకటిన్నర వోల్టు దాకా వెళ్తుంది. హాలోజన్ బల్బుకి వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుంది. ‘హెడ్‌లైట్ మసకగా ఉంది, 100 వాట్ల బల్బు వేయి’ అని అడిగే బండ్లలో చాలావాటికి కావాల్సింది మంచి వైరు, మంచి ఎర్త్.

ఆటోనగర్‌లో ఏం కొనాలి

విజయవాడ ఆటోనగర్‌లో వైరు, కప్లర్లు, రిలేలు (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని నడిపే స్విచ్‌లు) అన్నీ దొరుకుతాయి. అయితే అక్కడి ఎలక్ట్రికల్ షాపుల్లో చాలావరకు లారీలు, బస్సుల సరుకు. అవి 24 వోల్టుల బండ్లు. రిలే, ఫ్లాషర్ (ఇండికేటర్లను కొట్టుకునేలా చేసేది), బల్బు ఏది తీసుకున్నా ‘12 వోల్టులది’ అని అడిగి, దాని మీద అచ్చు చదివి తీసుకోండి. 24 వోల్టుల రిలే 12 మీద అసలు లాగదు, ఒక్కోసారి లాగినట్టే లాగి సగంలో టకటకమంటుంది. కారణం దొరక్క ఒక రోజంతా పోతుంది. గుంటూరు ఆటోనగర్‌లో కొన్నా ఇదే జాగ్రత్త.

ఇంటి వైరింగ్ వైరు వాడకండి. దాని ఇన్సులేషన్ మందంగా ఉండి మలుపుల్లో వంగదు, ఇంజన్ వేడికీ పెట్రోల్‌కీ తట్టుకోదు. సన్నటి రాగి పోగులు ఎక్కువగా ఉండే ఆటో వైరు అడగండి. సింగిల్ సిలిండర్ బండికి సరిపడా కొలతలు ఇవి:

2.5 చ.మి.మీ. ఎరుపు 3 మీటర్లు, నలుపు 3 మీటర్లు
1.5 చ.మి.మీ. నలుపు 4 మీటర్లు, మరో రెండు రంగులు మూడేసి మీటర్లు
0.75 చ.మి.మీ. ఆరు రంగులు, మూడేసి మీటర్లు
నాలుగు బ్లేడ్ ఫ్యూజుల పెట్టె ఒకటి, మూత ఉన్న విడి ఫ్యూజ్ హోల్డర్లు రెండు
12 వోల్టుల 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు, వాటి బేసులు (హాలోజన్ హెడ్‌లైట్ ఉంచుకుంటేనే)
ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఒకటి
రబ్బరు సీల్ ఉన్న కప్లర్లు: నాలుగు పిన్నులవి రెండు, రెండు పిన్నులవి ఆరు
6.3 మి.మీ. టెర్మినల్స్ 40, రింగ్ థింబుల్స్ 12
లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, గుడ్డ టేపు, 1ఎన్4007 డయోడ్లు ఐదు

సెల్ఫ్ మోటార్ కేబుళ్లు మాత్రం కంపెనీవే మళ్లీ వాడుకోండి. పొడవు సరిపోకపోతే అంతే మందంలో కొత్తవి చేయించండి. సన్నవి మాత్రం వేయకండి.

మోటోగాడ్జెట్ ఎం-యూనిట్ లాంటి ఎలక్ట్రానిక్ పెట్టె పెడితే ఫ్యూజులు, ఫ్లాషర్, రిలేలు అన్నీ అందులోనే ఉంటాయి. పనితనం బాగుంటుంది, కానీ ధర ఎక్కువ, రోడ్డు మీద పాడైతే దగ్గర్లో విడిభాగం దొరకదు. పది రూపాయల ఫ్యూజుతో ఏ ఊళ్లోనైనా బాగుపడే వైరింగ్ ఈ ప్రాంతంలో తిరిగే బండికి మేలు.

సర్క్యూట్ గీయడం

ఒక తెల్ల కాగితం మీద ముందు గీయండి. బ్యాటరీ ప్లస్ నుంచి మూడు దారులు బయలుదేరతాయి.

మొదటిది సెల్ఫ్ రిలేకి వెళ్లే మందపాటి కేబుల్. దీనికి ఫ్యూజ్ ఉండదు, అందుకే ఇది వీలైనంత పొట్టిగా, ఎక్కడా రాసుకోకుండా వెళ్లాలి.

రెండోది మెయిన్ ఫ్యూజ్ 20 ఆంపియర్లు, అక్కడి నుంచి తాళం, తాళం నుంచి ఫ్యూజుల పెట్టె. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ నుంచి 15 సెం.మీ. లోపే ఉండాలి. ఫ్యూజుకి ముందున్న వైరుకి రక్షణ లేదు, అది ఫ్రేముకి తగిలితే ఎరుపెక్కి సీటునే అంటిస్తుంది.

మూడోది ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్, మ్యాగ్నెట్ కరెంట్‌ని బ్యాటరీకి తగినట్టు మార్చేది) నుంచి వచ్చే ఛార్జింగ్ వైరు. దాన్ని విడిగా తన సొంత ఫ్యూజుతో బ్యాటరీకే కలపండి. ఫ్యూజ్ విలువ ఆల్టర్నేటర్ రేటింగ్ కంటే కొంచెం ఎక్కువ ఉండాలి, వైరు మోయగలిగిన దానికి మించకూడదు. చాలామంది మెయిన్ ఫ్యూజ్ తర్వాత కలిపేస్తారు. అప్పుడు ఇంజన్ నడుస్తుండగా ఆ ఫ్యూజ్ పోతే ఆర్‌ఆర్‌కి బ్యాటరీ ఆసరా పోతుంది. ఎగుడుదిగుడు వోల్టేజ్ నేరుగా సీడీఐకీ ఎల్ఈడీలకీ తగిలి అన్నీ ఒకేసారి పోతాయి.

పెట్టెలో నాలుగు ఫ్యూజులు: ఇగ్నిషన్‌కి 7.5, హెడ్‌లైట్‌కి 10, టెయిల్, బ్రేక్, ఇండికేటర్లకి కలిపి 7.5, హారన్‌కీ సెల్ఫ్ రిలే కాయిల్‌కీ 7.5. ఏసీ సీడీఐ బండికి ఇగ్నిషన్ ఫ్యూజ్ అక్కర్లేదు. ఇగ్నిషన్‌ని లైట్లతో కలిపి ఒకే ఫ్యూజ్ మీద పెట్టొద్దు. బాబర్లలో అన్నిటికంటే ఎక్కువగా చెడేది వెనక మడ్‌గార్డ్ కింద టైరు రాసుకుని తెగే టెయిల్ ల్యాంప్ వైరు. అది షార్ట్ అయితే లైటు మాత్రమే పోవాలి, అర్ధరాత్రి గుంటూరు హైవే మీద ఇంజన్ ఆగిపోకూడదు.

హాలోజన్ బల్బుకి హై, లో రెండింటికీ చెరో రిలే వేయండి. రిలే 30కి ఫ్యూజ్ నుంచి కరెంట్, 87 నుంచి బల్బు, 86కి హ్యాండిల్ డిప్పర్ నుంచి వచ్చే వైరు, 85కి ఎర్త్. అప్పుడు హ్యాండిల్ స్విచ్ గుండా వెళ్లేది ఆంపియర్‌లో చిన్న భాగమే, స్విచ్ కాంటాక్టులు కాలవు. ఎల్ఈడీ హెడ్‌లైట్‌కి రిలేలు దండగ.

ముందు, వెనక బ్రేక్ స్విచ్‌లు రెండూ సమాంతరంగా, ఒకే వైరు మీదకి. టెయిల్, నంబర్ ప్లేట్ లైటు తాళం ఆన్ చేయగానే వెలిగేలా పెడితే విడిగా స్విచ్ అక్కర్లేదు.

ఎర్త్

వింత వింత రోగాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, హారన్ కొడితే హెడ్‌లైట్ మినుకుమనడం, ఇవన్నీ ఎర్త్ దొరక్క కరెంట్ పక్క బల్బు గుండా తిరిగి వెళ్లడం వల్ల వచ్చేవి.

కంపెనీ బండిలో ఫ్రేమ్ ఎర్త్‌గా పనిచేస్తుంది. మీ ఫ్రేమ్ మాత్రం కొత్తగా పౌడర్ కోటింగ్ అయి ఉంటుంది, దానిలోంచి కరెంట్ పోదు. సీటు కింద ఒక్క చోట, 6 మి.మీ. బోల్టు దగ్గర, ఇనుము మెరిసేదాకా గీకి అక్కడ అన్ని ఎర్త్ వైర్లనూ కలపండి. బిగించాక పైన గ్రీజు రాయండి. బ్యాటరీ నెగటివ్ మందపాటి కేబుల్ మాత్రం ముందు ఇంజన్ కేసింగ్‌కి వెళ్లాలి, అక్కడి నుంచి ఫ్రేమ్‌కి ఒక 2.5 వైరు. ఇంజన్ ఎర్త్ మరిచిపోయి సెల్ఫ్ కొడితే అంత కరెంటూ క్లచ్ కేబుల్, ఎక్సలేటర్ కేబుల్ గుండా తిరిగి వస్తుంది. కేబుల్ వేడెక్కి, లోపలి లైనింగ్ కరిగి పట్టేస్తుంది. ఎక్సలేటర్ తెరుచుకున్న చోటే పట్టేస్తే ప్రాణాల మీదకి వస్తుంది.

హెడ్‌లైట్‌కి, ముందు ఇండికేటర్లకి ఎర్త్ వైరు విడిగా వెనక్కి తీసుకురండి. హ్యాండిల్ బేరింగుల గుండా ఎర్త్ వస్తుందని వదిలేయకండి. గ్రీజు నిండిన బంతులవి, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అంటీ అంటకుండా ఉంటాయి.

ఛార్జింగ్, ఆర్‌ఆర్ వేడి

లైట్లన్నీ ఎల్ఈడీ చేశాం కదా, ఆర్‌ఆర్‌కి పని తగ్గింది, దాన్ని సీటు కింద దాచేయవచ్చు అనుకుంటారు. మన బండ్లలో ఎక్కువగా ఉండేది షంట్ రకం. మిగిలిన కరెంట్‌ని అది తనలోనే షార్ట్ చేసుకుని వేడిగా మారుస్తుంది. అంటే లైట్లు తగ్గించిన కొద్దీ దాని మీద భారం పెరుగుతుందే తప్ప తగ్గదు. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీల ఎండలో గాలి తగలని ఆర్‌ఆర్ ఎక్కువ కాలం బతకదు. దాన్ని ఫ్రేమ్ ముందు గొట్టాల దగ్గర, రెక్కలకి గాలి తగిలేలా, లోహపు పట్టీ మీద బిగించండి.

పాత స్ప్లెండర్ లాంటి బండ్లలో ఇంకో చిక్కు ఉంది. హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా ఏసీ మీద నడుస్తుంది. అక్కడ ఎల్ఈడీ వేస్తే మినుకుమినుకుమంటూ కొన్నాళ్లకి పోతుంది. అన్నీ డీసీ మీదకి మార్చాలంటే లైటింగ్ కాయిల్ ఎర్త్ అయిన కొసను ఊడదీసి, రెండు కొసలూ బయటకి తెచ్చి, ఫుల్‌వేవ్ ఆర్‌ఆర్ వేయాలి. కాయిల్ ప్లేటు మీద చేసే సున్నితమైన పని ఇది, రీవైండింగ్ తెలిసినవాళ్లకే ఇవ్వండి.

లిథియం బ్యాటరీ చిన్నగా, తేలికగా ఉంటుంది. కానీ సిలిండర్ వేడి తగిలే చోట పెట్టకూడదు, ఆర్‌ఆర్ 14.6 వోల్టులు దాటనివ్వకూడదు. ఇవి రెండూ ఖాయం చేసుకోలేకపోతే సీల్డ్ ఏజీఎం (నీళ్లు పోయక్కర్లేని లెడ్ యాసిడ్) బ్యాటరీయే మంచిది.

జాయింట్లు, వైర్ల దారి

టంకం వేసిన జాయింట్ బలంగా కనిపిస్తుంది. అయితే టంకం పాకినంత మేర వైరు పుల్లలా గట్టిపడుతుంది, గట్టి భాగం ముగిసే చోట ఇంజన్ అదురుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. బుల్లెట్ అదురుకి ఇది మరీ త్వరగా జరుగుతుంది. సరైన క్రింపింగ్ టూల్‌తో టెర్మినల్ నొక్కండి: ఒక రెక్కల జత రాగిని, మరో జత ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి. నొక్కాక గట్టిగా లాగి చూడండి. చేతికి ఊడి వస్తే రోడ్డు మీదా వస్తుంది. మామూలు ప్లయర్‌తో చదును చేసినది క్రింప్ కాదు.

ట్యాంక్ కింద వైర్ల గుత్తిని ఫ్రేమ్ గొట్టం పక్కగా, సిలిండర్ హెడ్‌కి దూరంగా తీసుకెళ్లండి. కట్టేముందు హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పి చూడండి. ఎక్కడా బిగుసుకోకూడదు, స్టాపర్ల మధ్య నలగకూడదు. రేకు రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయాలి. ఫ్యూజుల పెట్టె మూత పక్కకో కిందకో చూసేలా, వైర్లు పెట్టెలోకి వెళ్లేముందు కాస్త కిందకి వేలాడి పైకి వెళ్లేలా పెడితే వాన నీరు లోపలికి కాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. వెనక మడ్‌గార్డ్ కింద వైరుని లోహపు గొట్టంలో పంపి, ఇద్దరిని కూర్చోబెట్టి టైరుకీ దానికీ ఎంత సందు ఉందో చూడండి.

హ్యాండిల్ గొట్టం లోపల నుంచి వైర్లు పంపడానికి రంధ్రాలు చేయడం మాకు సమ్మతం కాదు. క్లాంపు దగ్గర రంధ్రం పడితే హ్యాండిల్ అక్కడే బీటలిస్తుంది.

ఇండికేటర్ల చిక్కులు

ఎల్ఈడీ ఇండికేటర్లు వేయగానే గబగబా కొట్టుకుంటాయి. పాత ఫ్లాషర్ లోడ్ తక్కువైందని బల్బు పోయిందనుకుంటుంది. లోడ్ మీద ఆధారపడని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ దీనికి మందు.

రెండోది ఎడమ వేస్తే నాలుగూ వెలగడం. మీటర్‌లో ఒకే సూచిక బల్బు ఎడమ, కుడి వైర్ల మధ్య ఉంటుంది. ఎల్ఈడీకి చాలా తక్కువ కరెంట్ చాలు కాబట్టి ఆ బల్బు గుండా అవతలి పక్కకీ పారుతుంది. రెండు 1ఎన్4007 డయోడ్లు తీసుకుని, గీత లేని కొసలు ఒకటి ఎడమ వైరుకీ ఒకటి కుడి వైరుకీ, గీత ఉన్న కొసలు రెండూ కలిపి సూచిక లైటుకీ ఇవ్వండి. లైటు రెండో కొస ఎర్త్‌కి.

మొదటిసారి కరెంట్ ఇవ్వడం

నేరుగా బ్యాటరీ తగిలించకండి. మెయిన్ ఫ్యూజ్ తీసి, ఆ స్థానంలో 21 వాట్ల బ్రేక్ బల్బుని రెండు వైర్లతో పెట్టండి. ఆ ఫ్యూజు తర్వాత ఎక్కడ షార్ట్ ఉన్నా ఆ బల్బు 1.75 ఆంపియర్ల కంటే ఎక్కువ పారనివ్వదు, వైరు కాలదు. తాళం ఆఫ్‌లో బల్బు ఆరిపోయి ఉండాలి. నాలుగు ఫ్యూజులూ తీసి తాళం ఆన్ చేసి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. ఇగ్నిషన్ పెడితే మసకగా వెలగవచ్చు. హాలోజన్ హెడ్‌లైట్ వేస్తే గట్టిగానే వెలుగుతుంది, కాబట్టి ఆ ఫ్యూజు పెట్టేముందు హెడ్‌లైట్ బల్బు ఊడదీయండి. హెడ్‌లైట్ బల్బు లేకుండా కూడా ఆ బ్రేక్ బల్బు గట్టిగా వెలిగితే ఆ సర్క్యూట్‌లో షార్ట్ ఉన్నట్టే. అన్నీ సరిగా ఉంటేనే ఫ్యూజు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి.

తర్వాత మీటర్‌తో మూడు కొలతలు. ఇంజన్ 4000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే ఆర్‌ఆర్ పోయినట్టు లేదా దాని సెన్స్ వైరు సరైన చోట తగల్లేదన్నట్టు. 13 దాటకపోతే మ్యాగ్నెట్ కాయిల్ వైర్లను ఆర్‌ఆర్ నుంచి ఊడదీసి చూడండి. మూడు వైర్లుంటే ఏ రెండింటి మధ్యనైనా ఏసీ వోల్టేజ్ సమానంగా రావాలి, ఏ వైరుకీ బాడీతో కంటిన్యూటీ ఉండకూడదు.

హెడ్‌లైట్ వేసి ఉంచి, బ్యాటరీ ప్లస్‌కీ బల్బు ప్లస్ పిన్నుకీ మధ్య వోల్టేజ్ చూడండి. అర వోల్టు లోపు ఉండాలి. బ్యాటరీ నెగటివ్‌కీ బల్బు ఎర్త్ పిన్నుకీ మధ్య 0.2 లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే మీటర్ ప్రోబ్‌ని జాయింట్ జాయింట్‌కీ జరుపుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడుందో అక్కడే అంకె ఒక్కసారిగా తగ్గుతుంది.

చివరిది తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని మిల్లీఆంపియర్ల మీద పెట్టడం. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ బటన్ ముట్టుకోవద్దు. ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కంటే ఎక్కువ చూపిస్తే ముందు ఆర్‌ఆర్ ఫ్యూజ్ తీసి చూడండి. అంకె సున్నాకి పడితే ఆర్‌ఆర్ లోపలి డయోడ్ కారుతోంది. పడకపోతే తాళానికి ముందే ఏదో కలిసి ఉంది, మీరు గీసుకున్న కాగితం మీద ఆ దారి వెతకండి. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి సీటు అడుగున అంటించండి, తర్వాత ఎవరు రిపేరు చేసినా పాత కంపెనీ డయాగ్రంతో తికమకపడకుండా.